పెన్సిల్ రాత 1947 అంది, విమానం 1953 తర్వాతే అంది: ఒక ఎయిర్ షో ఫొటో కేస్ స్టడీ

పాత ఫొటోల్లోని మనుషుల్ని, తేదీల్ని గుర్తించే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాం. కుటుంబం పేరు, ఊరు, ఫొటో స్టూడియో పేరు, ఫొటో దాచుకున్న వాయుసైనికుడి సర్వీస్ వివరాలు తీసేశాం. విమానం, యూనిఫాం, వెనక ముద్ర మాత్రం చూసినవి చూసినట్టే రాశాం.

నేపథ్యం

1940లు, 50లలో మామూలు జనం వాయుసేన పెద్దల్ని దగ్గరగా చూసే అవకాశం దాదాపు ఎయిర్ షోల్లోనే దొరికేది. యువకుల్ని సేనలోకి రప్పించడానికి యుద్ధకాలంలోనే ఒక ప్రదర్శన దళం ఊరూరా తిరిగింది. ఆ దళంలో ఎగురుతూనే 1945 ఫిబ్రవరి 17న లాహోర్‌లో హరికేన్ యుద్ధవిమానం కూలి వింగ్ కమాండర్ కె.కె. మజుందార్ చనిపోయారు. 1947 ఆగస్టు 15న ఎర్రకోట మీదుగా వందకు పైగా విమానాలు ఎగిరితే వాటికి ముందు నడిచింది వాయుసేన అధికారి అర్జన్ సింగ్. 1954 ఏప్రిల్ 1న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ వాయుసేనకు పతాకం బహూకరించారు. అదే రోజు సుబ్రతో ముఖర్జీ తొలి భారతీయ వాయుసేనాధిపతిగా బాధ్యత తీసుకున్నారు. 1958లో రజతోత్సవం జరిగింది, ఆ సందర్భంగా వపిటి, హంటర్ విమానాల బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి.

ఇంట్లో దొరికిన ప్రతి వాయుసేన ఫొటోనీ ఈ నాలుగైదు ప్రసిద్ధ రోజులు తమవైపు లాక్కుంటాయి. మామూలు మంగళవారం నాడు, పేరులేని ఎయిర్‌ఫీల్డ్‌లో తీసిన ఫొటో కూడా ముప్పై ఏళ్లు గడిచేసరికి ‘ఆ రోజు’ ఫొటో అయిపోతుంది. ఈ కేసులో జరిగింది అదే.

వచ్చిన ఫొటో, వచ్చిన ప్రశ్న

6 అంగుళాలకు 8 అంగుళాల నలుపు తెలుపు ప్రింట్. కోస్తా జిల్లాలకు చెందిన ఒక మాజీ వాయుసైనికుడి ట్రంకు పెట్టెలో దొరికింది. ఆయన విమానం బాడీ మరమ్మతుల విభాగంలో పనిచేశారు. ఫొటోలో ముందు వరసలో ముగ్గురున్నారు: టోపీ పెట్టుకున్న ఒక పెద్ద అధికారి, ఆయన పక్కన తలపాగా, గడ్డంతో మరో అధికారి, కోటు వేసుకున్న ఒక పౌరుడు. వెనకాల షామియానా అంచు, జనం తలలు, ఒక విమానం రెక్క చివర, తోక కొంత. తోక మీద తెల్లటి అక్షరాలో అంకెలో రెండు మసగ్గా ఉన్నాయి. ప్రింట్ వెనక పెన్సిల్‌తో తెలుగులో ‘15 ఆగస్టు 1947, ఢిల్లీ, అర్జన్ సింగ్ గారు’ అని ఉంది.

మనవరాలు అడిగింది ఒకే మాట: ‘ఇది నిజంగా ఆ రోజు ఫొటోనే అని రాసివ్వగలరా అండీ?’ ఫ్రేమ్ కట్టించి, కింద ఇత్తడి పలక మీద అదే వాక్యం చెక్కించాలని ఆ కుటుంబం అనుకుంటోంది. ఇత్తడి మీద చెక్కిన తేదీని మళ్లీ ఎవరూ ప్రశ్నించరు. అందుకే పని నిదానంగా చేయాలని నిర్ణయించుకున్నాం.

మొదట కుదిరినట్టు కనిపించినవి

ఈ కేసులో ఇబ్బంది ఆధారాలు తక్కువై రాలేదు. తప్పు ఆధారాలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా అతుక్కున్నాయి. తలపాగా అధికారి చేతి మీద సమాన వెడల్పున్న నాలుగు పట్టీలున్నాయి, అంటే గ్రూప్ కెప్టెన్. 1947లో అర్జన్ సింగ్ చేరుకున్నది ఆ హోదాకే. తోక మీద మసక గుర్తులు ‘01’లా కనిపించాయి. 1944లో ఇంఫాల్ పోరులో ఆయన నడిపింది 1వ స్క్వాడ్రన్‌ని. హోదా కుదిరింది, స్క్వాడ్రన్ కుదిరింది, వెనక పేరూ ఉంది. ఇంతకుముందు ఈ ఫొటో చూసిన ఇద్దరు ముగ్గురు ఔత్సాహికులు ఇక్కడే ఆగిపోయి ‘అవును, ఆయనే’ అన్నారట.

మమ్మల్ని ముందుకు కదిలించింది ఒక చిన్న అనుమానం. పట్టీలు చేతి మీద ఉన్నాయి. అంటే వేసుకున్నది నీలి బూడిదరంగు ఉన్ని కోటు. వేసవి ఖాకీలో హోదా పట్టీలు భుజాల మీద ఉంటాయి. ఆగస్టు ఢిల్లీ ఉక్కలో ఉన్ని కోటు వేసుకుంటారా? ఇది రుజువు కాదు, వేడుక కోసం వేసుకోవచ్చు కూడా. కానీ పెన్సిల్ రాతను పక్కన పెట్టి మొదటి నుంచి చూడడానికి ఆ అనుమానం చాలింది.

ముఖంతో మొదలుపెట్టిన ప్రయత్నాలు రెండూ పనిచేయలేదు. మొదటిది, ఇంటర్నెట్‌లో ముఖాన్ని వెతకడం. తలపాగా, గడ్డం ఉన్న భారత వాయుసేన అధికారి అనగానే వెతుకులాట అర్జన్ సింగ్ ఫొటోలే ముందు పెట్టింది. ఆయన ఫొటోలు వందల్లో ఉండి, ఆ తరం మిగతా సిక్కు అధికారుల ఫొటోలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు ఏ వెతుకులాటైనా అదే జవాబిస్తుంది. అందులో పోలిక కన్నా ప్రసిద్ధి ఎక్కువ. రెండోది, ఏఐతో ముఖం పదును పెట్టడం. మసక చోట్ల ఆ యాప్ సొంతంగా కనుబొమలు, ముక్కు అంచు గీస్తుంది. వచ్చిన ముఖం స్పష్టంగానే ఉంటుంది, కానీ అది ఫొటోలో ఉన్న మనిషిది కాదు. ఆ ఫైలుని కుటుంబానికి చూపించకుండా పక్కన పెట్టాం. ఒకసారి చూశాక కళ్లు దాన్నే అసలు ముఖంగా పట్టుకుంటాయి.

రౌండెల్ (విమానం మీద వేసే దేశపు గుండ్రటి గుర్తు) రంగులతో తేల్చాలని చూడడం మూడో ప్రయత్నం. విమానం పక్కభాగం మీద వలయాల గుర్తు సగం కనిపిస్తోంది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కొంతకాలం భారత విమానాల మీద నీలి అశోకచక్రం ఉండేది. 1950 జనవరి 26న వాయుసేన పేరులోని ‘రాయల్’ అన్న మాటతో పాటు అదీ పోయి కాషాయ నడిబొడ్డు, తెల్ల వలయం, ఆకుపచ్చ బయటి వలయం వచ్చాయి. చక్రమైతే ఆకులు కనిపించాలి. ఇక్కడ అవి లేవు, నడుమ నిండు గుండ్రం ఉంది. కానీ అంతమాత్రాన 1950 తర్వాత అనేయలేం. బ్రిటిష్ గుర్తుకీ నడుమ ఎర్ర గుండ్రం, తెలుపు, బయట నీలం ఉంటాయి. నలుపు తెలుపులో రెండింటికీ తేడా బూడిదరంగు ఛాయలోనే. ఆ ఛాయ ఫిల్మ్‌ని బట్టి మారిపోతుంది. ఎరుపుని పట్టని ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌లో ఎరుపు, కాషాయం నల్లబడి నీలం తెల్లబడుతుంది. అన్ని రంగులూ పట్టే పాంక్రోమాటిక్‌లో ఆ తేడా తగ్గుతుంది. అసలు నెగటివ్ ఏ రకమో తెలియనప్పుడు ఛాయని నమ్ముకుంటే ఊహ మీద ఊహ పేర్చినట్టే. చక్రం లేదు అన్న ఒక్క సంగతి రాసుకుని ఆ దారి వదిలేశాం.

తిరగబడ్డ నెగటివ్

అప్పుడు ప్రింట్‌ని వస్తువుగా చూడడం మొదలైంది. 1200 పీపీఐ (అంగుళానికి 1200 పిక్సెళ్లు), 16 బిట్ గ్రేస్కేల్‌లో స్కాన్ చేశాం. అంటే 7200కు 9600 పిక్సెళ్లు, టిఫ్ ఫైలు దాదాపు 140 ఎంబీ. ఇంతకన్నా పెంచినా ఈ ప్రింట్‌లో దొరికేది గ్రెయిన్ మాత్రమే. తర్వాత గది చీకటి చేసి, టార్చిని ప్రింట్ ఉపరితలానికి పది పదిహేను డిగ్రీల వాలులో పెట్టి చూశాం. కుడి మూలలో కనిపించే పగుళ్లు వెలుగుకి నీడ పట్టలేదు. వేలికీ తగలలేదు. అంటే అవి ఈ కాగితం మీది పగుళ్లు కావు. ఇంకో ప్రింట్ మీద పగుళ్లున్నాయి, దాన్ని మళ్లీ ఫొటో తీశారు. ఫ్రేమ్ అంచున కత్తెర పళ్లలాంటి పాత ప్రింట్ అంచు కూడా సన్నగా దొరికింది. మన చేతిలో ఉన్నది కాపీ.

కాపీ అని తేలగానే తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఒకటుంది: బొమ్మ అద్దంలోలా తిరగబడిందా? నెగటివ్ నుంచి ప్రింట్ తీసే ఎన్‌లార్జర్‌లో నెగటివ్ ఎమల్షన్ (బొమ్మ పట్టే రసాయన పూత) వైపు కిందికి, కాగితం వైపు ఉండాలి. తొందరలో దాన్ని పైకి పెడితే ఎడమ కుడి మారిపోతాయి. మనుషులు మాత్రమే ఉన్న ఫొటోలో ఆ తేడా ఎవరికీ కనిపించదు. సైనిక యూనిఫాంలో మాత్రం తెలిసిపోతుంది. పైలట్ రెక్కల బ్యాడ్జి, దాని కింద పతకాల రిబ్బన్లు ఎప్పుడూ ఎడమ రొమ్ము జేబు పైనే ఉంటాయి. మగవాళ్ల కోటు ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. ఈ ఫొటోలో పెద్ద అధికారి రిబ్బన్లు కుడి రొమ్ము మీదున్నాయి. కోటు అంచు కూడా వ్యతిరేకం. రెండు గుర్తులూ ఒకే మాట చెప్పాయి. చేతి గడియారాన్ని లెక్కలోకి తీసుకోలేదు, దాన్ని ఏ చేతికైనా కట్టుకోవచ్చు.

స్కాన్‌ని అడ్డంగా తిప్పగానే తోక మీది ‘01’ కరిగిపోయింది. ఎడమనున్న సున్నా కుడికి వచ్చి, కుడివైపు తెరుచుకున్న ఇంగ్లిష్ ‘సీ’ అయింది. ఒకటి అనుకున్నది దాని ముందుకొచ్చి ‘ఐ’ అయింది. ‘ఐసీ’. అది స్క్వాడ్రన్ సంఖ్య కాదు, విమానం సీరియల్ నంబరు మొదట్లో వచ్చే అక్షరాలు. భారత వాయుసేన జెట్ విమానాల్లో వాంపైర్లకు ‘హెచ్‌బీ’, మిస్టేర్లకు ‘ఐఏ’, హంటర్లకు ‘బీఏ’ ఉన్నట్టే తూఫానీలకు ‘ఐసీ’.

విమానం, వెనక ముద్ర

మసక అక్షరాలు రెండింటి మీద మొత్తం తీర్పు నిలబెట్టడం మంచిది కాదు, కాబట్టి విమానం ఆకారం విడిగా చూశాం. రెక్క కొసన, కింద వేలాడకుండా సరిగ్గా కొసకే అతికించిన పొడవాటి ఇంధన ట్యాంకు ఉంది. ప్రొపెల్లర్‌తో నడిచే టెంపెస్ట్ యుద్ధవిమానానికి అది లేదు. వాంపైర్ అదనపు ట్యాంకులు రెక్క కింద ఉంటాయి. పైగా వాంపైర్ తోక రెండు కడ్డీల మధ్య ఉంటుంది, ఇక్కడిది ఒకే నిలువు తోక. ఆ కాలంలో మన దగ్గర రెక్క కొసన ట్యాంకులతో ఎగిరిన జెట్లు తూఫానీ, కాన్‌బెరా. కాన్‌బెరా రెండు ఇంజన్ల బాంబర్, 1957లో వచ్చింది, సీరియల్ ‘ఐఎఫ్’తో మొదలవుతుంది. పక్కన నిలబడ్డ మనుషుల ఎత్తుతో పోలిస్తే ఈ తోక అంత పెద్ద విమానానిది కాదు. మిగిలింది ఫ్రెంచి దసో కంపెనీ ఊరగాన్, అంటే మన తూఫానీ.

తొలి తూఫానీలు ఢిల్లీ పాలంలో దిగింది 1953 అక్టోబర్ 24న. కాబట్టి ఫొటో అంతకుముందుది కాదు. పెన్సిల్ రాత చెప్పిన 1947 అక్కడితో పోయింది. తలపాగా అధికారి అర్జన్ సింగ్ అన్నదీ పోయింది. ఆయన 1949 నాటికే ఎయిర్ కమడోర్, అంటే గ్రూప్ కెప్టెన్ పై హోదా. ఆ హోదాకి చేతి మీద ఒకే ఒక వెడల్పాటి పట్టీ ఉంటుంది, నాలుగు సన్నవి కాదు. 1947కి అంత బాగా అతికిన నాలుగు పట్టీలే 1953 తర్వాత ఆయన కాదనడానికి ఆధారమయ్యాయి.

ఇటు చివరి హద్దు ప్రింట్ వెనక ముద్రలో దొరికింది. రబ్బరు ముద్రలో ఊరి పేరు కింద ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంది, కాబట్టి అది 1956 నవంబర్ 1 తర్వాతిది. కాపీ ధర ‘న.పై.’లో రాశారు. నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, ‘నయా’ మాట తీసేసింది 1964 జూన్ 1న. చిన్న ఊళ్లలో పాత అలవాటు మరికొంత కాలం సాగుతుంది కాబట్టి ఆ చివర గట్టి గోడ కాదు. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి కింద కాగితం నీలంగా మెరవలేదు. తెల్లదనం పెంచే రసాయనాలు ఫొటో కాగితాల్లో మామూలైంది 1950ల మధ్య నుంచి. మెరిస్తే ఆ తర్వాతి కాగితమని చెప్పొచ్చు. మెరవకపోతే ఏమీ చెప్పలేం, పాత నిల్వ కాగితం కావచ్చు. ఈ ఫలితాన్ని నమోదు చేశాం, లెక్కలో కలపలేదు.

ఇక్కడ రెండు తేదీలున్నాయని గట్టిగా పట్టుకోవాలి. కాపీ తీసిన కాలం 1957 నుంచి 60ల మధ్య వరకు. అసలు ఫొటో తీసిన కాలం 1953 అక్టోబర్ చివర నుంచి కాపీ తీసేలోగా ఎప్పుడైనా. ఈ రెండూ కలిపేస్తే 1957 రజతోత్సవానికి ముందు ఏడు కదా అని మళ్లీ ఒక ప్రసిద్ధ రోజు వైపు జారిపోతాం.

మధ్యలో ఉన్న అధికారి

టోపీ ముందరి అంచు మీద రెండు వరసల బంగారు ఆకులున్నాయి, అంటే ఎయిర్ కమడోర్ లేదా ఆ పైన. గ్రూప్ కెప్టెన్‌కి ఒకే వరస. తలపాగా కట్టిన అధికారుల్లో ఈ ఆధారం అసలు ఉండదు, చేతి పట్టీలు ఒక్కటే దిక్కు. పెద్ద అధికారి చేతి మీద కింద వెడల్పాటి పట్టీ, దాని పైన సన్నవి రెండు. మసకలో వెడల్పాటి పట్టీ రెండు సన్న పట్టీల్లా విడిపోయి కనిపిస్తుంది, మూడు పట్టీలు నాలుగని తప్పు లెక్క వస్తుంది. అందుకే లెక్కపెట్టకుండా కొలవాలి. వెడల్పాటిది 2 అంగుళాలు, సన్నది అంగుళంలో పదహారింట తొమ్మిది వంతులు. నిష్పత్తి మూడున్నర రెట్లు. స్కాన్‌లో పిక్సెళ్లు కొలిస్తే ఆ నిష్పత్తికి దగ్గరగానే వచ్చింది. ఒక వెడల్పు, రెండు సన్నం: ఎయిర్ మార్షల్.

1966 దాకా మన వాయుసేనాధిపతి హోదా ఎయిర్ మార్షలే. హద్దుల్లో పడే అధిపతులు గెరాల్డ్ గిబ్స్ (1954 మార్చి 31 వరకు), సుబ్రతో ముఖర్జీ (1954 ఏప్రిల్ 1 నుంచి 1960 నవంబర్‌లో మరణించే వరకు), ఆస్పీ ఇంజనీర్ (1960 డిసెంబర్ నుంచి 1964 జులై వరకు). గిబ్స్ బ్రిటిష్ అధికారి కాబట్టి వెంటనే కొట్టేయొచ్చు అనిపిస్తుంది. అలా కొట్టేయలేదు. తూఫానీలు వచ్చాక ఆయన పదవిలో ఉన్నది సరిగ్గా ఆ ఒక్క చలికాలమే, ఫొటోలో ఉన్నదీ చలికాలపు కోటే. నీడలో తీసిన కాపీలో ఒంటిఛాయ ఆధారం కాదు. టోపీ బ్యాడ్జి పైభాగం కిరీటమా, సింహాల స్తంభమా తేలిస్తే సరిపోయేది, కానీ అక్కడ ఉన్నవి పదిహేను ఇరవై పిక్సెళ్లే.

చివరికి పనికొచ్చింది చెవి. వయసు, లావు, వెలుతురు మారినా చెవి మడతలు, తమ్మె అతుక్కున్న తీరు పెద్దగా మారవు. ఫొటో తిప్పాక మనకు కనిపిస్తున్నది ఆయన ఎడమ చెవి అని ఖాయమైంది. తిప్పకుండా పోల్చి ఉంటే కుడి చెవుల ఫొటోలు ముందు పెట్టుకునేవాళ్లం. ముగ్గురు అధిపతుల, ఈ కేసుతో సంబంధం లేని మరో ముగ్గురి ఎడమ చెవుల ముక్కలు ఒకే సైజుకి తెచ్చి, పేర్లు లేకుండా, కథ ఏమీ తెలియని ఒకరి ముందు పెట్టాం. ఆయన ఎంచినది ముఖర్జీ చెవి. గిబ్స్‌ది స్పష్టంగా వేరన్నారు. వాయుసైనికుడి డిశ్చార్జి కాగితాల ప్రకారం ఆయన చేరింది 1950ల తొలి ఏళ్లలో, ఢిల్లీ ప్రాంతంలో పనిచేసింది ఆ దశాబ్దం మధ్యలో. అదీ ముఖర్జీ కాలానికే సరిపోతుంది. ఒక మనిషి ఎంపిక, ఒక సర్వీస్ కాగితం: ఈ రెండింటి బలంతో ‘బహుశా’ అనొచ్చు, అంతకు మించి అనలేం.

1954 ఏప్రిల్ 1 అని ఎందుకు రాయలేదు

ముఖర్జీ పేరు వినగానే కుటుంబం పతాక బహూకరణ రోజు గురించి అడిగింది. ఆశ సహజం. కానీ ఫ్రేమ్‌లో పతాకం లేదు, రాష్ట్రపతి లేరు, తేదీ చెప్పే బోర్డు లేదు. పౌరుడెవరో తెలియదు. షామియానా, వరసలో నిలిపిన విమానం ఏ ప్రదర్శనలోనైనా ఉంటాయి. ఢిల్లీ దగ్గర తిల్‌పత్‌లో ఆయుధ ప్రదర్శనలు జరిగేవి, స్టేషన్ల వార్షిక తనిఖీలకూ ఇలాగే విమానాలు నిలబెట్టేవారు. హంటర్, మిస్టేర్ కనిపించడం లేదు కాబట్టి 1957కి ముందుదే అని వాదించడం కూడా కుదరదు. ఫొటోలో పట్టింది విమానాల వరసలో ఒక్కదాని తోక. పక్కన ఏమున్నాయో ఫ్రేమ్ చెప్పదు.

కుటుంబంతో ఈ మాట చెప్పేటప్పుడు ముందుగా ‘తాతగారు రాసింది తప్పు’ అనలేదు. పెన్సిల్ రాతలో ఇంకో సంగతి ఉంది. డిశ్చార్జి కాగితాల్లో ఆయన సంతకం తీరుకీ ఈ రాతకీ పోలిక లేదు. వెనక రాసింది తర్వాతి తరంలో ఎవరో కావచ్చు. ఆయన తన ఫొటో గురించి తప్పు చెప్పారనడానికి మన దగ్గర ఆధారం లేదు. అది విన్నాక ఆ ఇంట్లో పెద్దావిడ ముఖం తేలికపడింది.

పని వరస

ఈ కేసు తర్వాత మేం పాటిస్తున్న క్రమం ఇది. మొదట కాగితం: అసలా, కాపీనా, ముద్ర ఏమంటోంది. కాపీ అయితే వెంటనే రిబ్బన్లు, కోటు అంచు చూసి తిరగబడిందేమో తేల్చడం. తర్వాత విమానం, దాని ఆకారం నుంచి తొలి హద్దు. ఆ తర్వాతే హోదా పట్టీలు, అవీ కొలిచి. ముఖం అన్నిటికన్నా చివర. రాతని మాత్రం చదివి, కవర్లో పెట్టి, హద్దులు తేలేదాకా తెరవకూడదు. ముఖం, రాత ముందొస్తే మిగతావన్నీ వాటికి సాక్ష్యం చెప్పడానికే నిలబడతాయి. ‘01’ అలా పుట్టిందే.

తిప్పిన ఫైలుని అసలు స్కాన్ స్థానంలో పెట్టకూడదు. ఈ కేసులో రెండూ విడిగా దాచాం, రెండోదానికి ‘అడ్డంగా తిప్పినది’ అని పేరులోనే రాశాం. పెన్సిల్ రాతని చెరపలేదు, కొట్టేయలేదు. అది నమోదులో వేరే గడిలో, ఉన్నదున్నట్టు, ‘ఎవరు రాశారో తెలియదు’ అన్న మాటతో ఉంది.

కుటుంబానికి రాసిచ్చిన వాక్యం ఇది: ‘వాయుసేన ప్రదర్శన లేదా తనిఖీ, స్థలం తెలియదు. 1953 అక్టోబర్ 24 తర్వాత, 1960లోగా అయ్యే అవకాశం ఎక్కువ. మధ్యలో ఎయిర్ మార్షల్ హోదా అధికారి, బహుశా సుబ్రతో ముఖర్జీ. ఆయన పక్కన గ్రూప్ కెప్టెన్, పేరు తేలలేదు. వెనక తూఫానీ విమానం. చేతిలో ఉన్నది 1957 తర్వాత తీసిన కాపీ, ఎడమ కుడి తారుమారైనది.’ ఇత్తడి పలక మీద ‘తూఫానీ ముందు, 1950లు’ అని మాత్రం చెక్కించారు. గ్రూప్ కెప్టెన్ ఎవరో తేలాలంటే కత్తెర పళ్ల అంచున్న ఆ అసలు ప్రింట్ కావాలి. ఫొటో దాచుకున్న వాయుసైనికుడితో ఆ కాలంలో కలిసి పనిచేసినవాళ్ల కుటుంబాలు రెండింటికి స్కాన్ పంపాం, వాళ్ల ఆల్బమ్‌ల్లో చూస్తున్నారు.